కంచె బయటి సైరన్

(బొగ్గు గనుల్లో ప్రాణాలు విడిచిన కార్మికుల స్మారకోపన్యాసం, గోలేటి)



ఈ ఉపన్యాసం ఏ ఒక్కరి పేరు మీదా లేదు. బొగ్గు బాయిల్లో ప్రాణం పోయిన వాళ్లందరి పేరు మీదా ఉంది. అందుకని కొన్ని తేదీలు తలుచుకుని మొదలుపెడతాను. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబర్ 16న, అదే గోదావరిఖనిలో 8ఏ ఇంక్లయిన్‌లో రూఫ్ కూలి మరో 10 మంది పోయారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు. ఇవి పది మందికీ తెలిసిన తేదీలు. ఒక్కొక్కరుగా పోయిన వాళ్ల తేదీలు వాళ్ల ఇళ్లలోనే మిగిలాయి.

గని రూల్సు పుస్తకం ఏ పేజీ తీసినా ఎవరో ఒకరి చావు కనబడుతుంది. ఫలానా చోట ఫలానా వాళ్లు పోయారు, ఇక మీదట అట్లా పోకూడదని రాసుకున్న రూళ్లవి. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీళ్లు విరుచుకుపడి 375 మంది జలసమాధి అయ్యారు. పాత గనుల్లో నిలిచిన నీళ్లకు ఎంత దూరంలో ఆగాలి, ముందుగా ఎట్లా రంధ్రం వేసి చూడాలి అన్న సంగతులు మీ ఓవర్‌మ్యాన్‌కూ సర్దార్‌కూ నోటికి వచ్చేదాకా చదివిస్తారంటే, అటువంటి చావుల వల్లనే.

ఈ రోజు నేను మాట్లాడదలచింది హెచ్చరిక గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, హెచ్చరికకు అయ్యే ఖర్చు గురించి. ప్రమాదం వచ్చే ముందు జనానికి తెలియజెప్పే ఏర్పాటుకు ఎవరు డబ్బు పెట్టాలి, ఏ పద్దు కింద పెట్టాలి, ఏటేటా ఎట్లా పెట్టాలి. చనిపోయిన వాళ్ల పేరిట జరిగే సభలో బడ్జెట్ లెక్కలేమిటని అనుకోవద్దు. ఆ లెక్క తేలకపోవడం వల్ల పోయిన ప్రాణాలు చాలా ఉన్నాయి.

గని లోపల ఈ లెక్క తేలిపోయింది. గాలిలో మీథేన్ 1.25 శాతానికి చేరితే కరెంటు తీసేయాలి, మనుషులను బయటికి పంపాలి. ఇది మేనేజర్ ఇష్టాయిష్టాల మీద నడిచే వ్యవహారం కాదు, బొగ్గు గనుల నిబంధన. ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగ్ చేసే ముందు చుట్టూ 500 మీటర్ల మేరను ప్రమాద ప్రాంతంగా చూడాలి. ఎర్ర జెండాలు పెట్టాలి, దారుల మీద మనుషులను నిలబెట్టాలి, సైరన్ మోగించాలి. కైరిగూడ ఓపెన్‌కాస్ట్ చుట్టుపక్కల ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా ఆ సైరన్ అర్థం తెలుసు. దానికయ్యే ఖర్చు గని యజమానిది. 1952 నాటి గనుల చట్టం అట్లా చెప్పింది. సైరన్ పాడైతే అడిగే అధికారి ఉన్నాడు, మోగించకపోతే శిక్ష ఉంది. రామగుండంలో మైన్స్ రెస్క్యూ స్టేషన్ ఉంది. అందులోని మనుషులకు ప్రమాదం ఉన్నా లేకున్నా నెల నెలా జీతం వస్తుంది, రోజూ సాధన చేయిస్తారు. ఏడాదంతా ఏ ప్రమాదమూ జరగలేదు కాబట్టి రెస్క్యూ స్టేషన్ దండగ అని ఏ ఆడిటరూ రాయడు.

అదే కార్మికుడు షిఫ్టు దిగి, మస్టరు దాటి, కంచె బయటికి వచ్చి ఇంటికి చేరాడనుకోండి. రాత్రి పడుకున్నాడు. ఎగువన చెరువు తెగింది. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పాలి? చెప్పడానికి ఏ పరికరం ఉంది? ఆ పరికరం రిపేరుకు ఏ పద్దులో డబ్బుంది? గోలేటి ఒక్కటే ఎందుకు, ఈ బొగ్గు పట్టీ మొత్తంలో ఏ పంచాయతీ బడ్జెట్ కాగితం తీసి చూసినా ఆ వరుస కనబడదు. వీధి దీపాలు ఉంటాయి, పారిశుధ్యం ఉంటుంది, ట్రాక్టర్ డీజిల్ ఉంటుంది. హెచ్చరిక ఉండదు.

మన దగ్గర అంత ప్రమాదమేముంది అని అడిగేవాళ్లున్నారు. సముద్రం లేదు, తుఫాను రాదు అంటారు. వాళ్లకు జవాబుగా మోరంచపల్లి కథ చెప్పాలి. అది మనలాంటి ఊరే. భూపాలపల్లి గనులకు పక్కనే ఉన్న ఊరు.

2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు ఆ ఊరి మీద పడింది. ఊరు మేలుకునేసరికే నీళ్లు ఇళ్లలో ఉన్నాయి. జనం డాబాలెక్కారు, చెట్లెక్కారు, పిల్లలను భుజాల మీద పెట్టుకుని గంటల తరబడి నిలబడ్డారు. పడవలు వచ్చాయి, సైన్యం హెలికాప్టర్లు వచ్చాయి. అప్పటికే నలుగురు కొట్టుకుపోయారు. పశువుల లెక్క వేరే. అదే రోజు ములుగు జిల్లా ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు పొంగి ఎనిమిది మంది చనిపోయారు.

ఇప్పుడు రెండు అంకెలు వినండి. ఆ 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో కురిసిన వాన 649.8 మిల్లీమీటర్లు. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకు ముందెన్నడూ నమోదు కాలేదు. భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు. ఈ అంకెలు దశాంశ బిందువుతో సహా మనకు ఎట్లా తెలిశాయి? రాష్ట్ర ప్రణాళికా సంస్థ మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు గంట గంటకూ వాన లెక్క హైదరాబాద్‌కు పంపుతాయి. ఆ కేంద్రాలకు ప్రభుత్వం డబ్బు పెట్టింది, నడపడానికి మనుషులను పెట్టింది, మంచి పనే చేసింది. వాన ఎంత పడుతోందో యంత్రానికి తెలుసు. యంత్రం చెప్పగా రాజధానిలోని ఆఫీసుకు తెలుసు. వాగు ఒడ్డున నిద్రపోతున్న మనిషికి మాత్రం తెలియలేదు. చిట్యాల నుంచి హైదరాబాద్ దాకా పోయిన సమాచారం పక్క మండలంలోని మోరంచపల్లికి చేరడానికి దారి లేకపోయింది. ఆ ఆఖరి కొద్ది కిలోమీటర్ల దారికి డబ్బు పెట్టిన వాళ్లు ఎవరూ లేరు. నా మాటలన్నీ ఆ ఆఖరి దారి గురించే.

హెచ్చరిక చేరిన చోట ఏం జరుగుతుందో కూడా మనం చూశాం. దానికి ఏడాది ముందు, 2022 జూలైలో, కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. గేట్లన్నీ ఎత్తినా కిందికి వదలగలిగేది 3 లక్షలే. వాటిలో ఒక గేటు మొరాయించింది. కట్ట తెగుతుందేమోనని రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టింది. కానీ దిగువ పల్లెలను రాత్రికి రాత్రే ఖాళీ చేయించారు. అధికారులు ఇంటింటికీ తిరిగారు. అదే వారంలో, జూలై 16న, భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత ఎత్తు అదే. భద్రాచలంలో ఎవరినడిగినా 43, 48, 53 అని చెబుతారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మొదటిదానికి సామాన్లు సర్దుకుంటారు, రెండోదానికి ముసలివాళ్లను, పశువులను పంపుతారు. ఆ అంకె వినగానే ఎవరేం చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. గనిలో 1.25 శాతం ఎట్లాగో నది ఒడ్డున 43 అడుగులు అట్లాగ.

కోస్తా వాళ్లు ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. 1977 నవంబర్ 19 ఉప్పెనలో దివిసీమలో పదివేల మందికి పైగా చనిపోయారు. తుఫాను వస్తోందని వాతావరణ శాఖకు తెలియక కాదు. ఆ కబురు లంక గ్రామాలకు చేరలేదు. చేరిన చోట కూడా ఎక్కడికి పోవాలో తెలియలేదు. ఆ తర్వాత ప్రభుత్వం తుఫాను షెల్టర్లు కట్టింది. 1980లలో ఇన్సాట్ ఉపగ్రహం నుంచి నేరుగా హెచ్చరికలు అందుకునే రిసీవర్లను తీరంలోని ఆఫీసుల్లో పెట్టింది. 1990 మేలో మచిలీపట్నం ప్రాంతాన్ని అంతే భీకరమైన తుఫాను తాకింది. ముందే లక్షకు పైగా జనాన్ని తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి దాటలేదు. అది కూడా తక్కువేమీ కాదు, ప్రతి ప్రాణమూ ప్రాణమే. కానీ 13 ఏళ్ల ఎడంలో వచ్చిన ఆ రెండు తుఫాన్ల మధ్య తేడా గాలి వేగంలో లేదు, ముందుగా పెట్టిన ఖర్చులో ఉంది.

మన జిల్లా సంగతికి వద్దాం. పెద్దవాగు, దాని మీద కుమ్రం భీం ప్రాజెక్టు ఉన్నాయి, వట్టివాగు ఉంది. వానాకాలం వస్తే ఏ వాగు ఎప్పుడు దారి మూసేస్తుందో చెప్పలేం. ఎండాకాలం వస్తే ఈ బొగ్గు నేల మీద వడదెబ్బ చావులు. వీటికి తోడు చాలాచోట్ల లేని ప్రమాదం పెద్దపులి. 2020 నవంబర్‌లో మన జిల్లాలో ఒక్క నెలలోనే పులి ఇద్దరిని చంపింది. దహెగాం మండలంలో ఒక యువకుణ్ణి, పెంచికల్‌పేట మండలంలో పత్తి చేనులో ఒక అమ్మాయిని. 2024 నవంబర్ 29న కాగజ్‌నగర్ మండలం గన్నారంలో పత్తి ఏరుతున్న ఒక యువతిని. పత్తి ఏరే కాలమూ పులి తిరిగే కాలమూ ఒకటే. అడవి శాఖ వాళ్లకు కెమెరాల్లో పులి కనబడుతుంది, అడుగుజాడలు దొరుకుతాయి. ఆ కబురు తెల్లవారి చేనుకు పోయే ఆడమనిషికి చేరాలంటే ఈనాటికీ డప్పు చాటింపే దిక్కు. ఆ డప్పు కొట్టే మనిషి గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

తెలంగాణ పల్లెల్లో సుంకరి, మస్కూరి, నీరటి అని ఉండేవాళ్లు. ఊరి కబురు ఊరికి చెప్పడం సుంకరి పని. చెరువు కట్ట మీద తిరిగి, తూము చూసి, మత్తడి దుంకుతుంటే పెద్దలకు చెప్పడం నీరటి పని. వాళ్లకు దక్కింది గింజలు, కొంత ఇనాం భూమి, చాలా చాకిరీ, ఇంకా ఎక్కువ అవమానం. ఆ కులవృత్తి బానిసత్వం పోవలసిందే, పోయింది, సంతోషం. తర్వాత వాళ్లు గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు, వీఆర్‌ఏలు. 2020 సెప్టెంబర్‌లో వాళ్ల పైనున్న గ్రామ రెవెన్యూ అధికారుల, అంటే వీఆర్‌ఓల, వ్యవస్థ రద్దయింది. 2023లో రాష్ట్రంలోని 20,555 మంది వీఆర్‌ఏలను వేరు వేరు శాఖల్లో సర్దారు. వాళ్లకు స్కేలు జీతం వచ్చింది. ఎన్నో ఏళ్ల పోరాట ఫలితమది, న్యాయమైనది. కానీ వాళ్లు చేస్తున్న పనుల జాబితాలో అర్ధరాత్రి చెరువు చూడటం, ఊరును లేపడం కూడా ఉన్నాయన్న సంగతి ఆ ఫైలు మీద సంతకాలు పెట్టిన వాళ్లకు తట్టలేదు. మనిషి పోస్టు మారింది, ఆ పని ఎవరికీ అప్పజెప్పలేదు. మోరంచపల్లి మునిగింది కూడా ఆ 2023లోనే. దానికీ దీనికీ ముడిపెట్టడం లేదు నేను. కానీ హెచ్చరిక అంటే ఉపగ్రహం, సెల్‌ఫోన్ అని మాత్రమే అనుకునే వాళ్లు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

సెల్‌ఫోన్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్దగా అరిచి, తెర మీద అత్యవసర సందేశం చూపించాయి, గుర్తుండే ఉంటుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, సీ-డాట్ కలిసి చేసిన పరీక్ష అది. ఒక టవర్ కింద ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి సందేశం పంపే పద్ధతి. చాలా మంచి పద్ధతి, నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. అయితే గోలేటి దాటి తిర్యాణి అడవిలోకి పోతే సిగ్నల్ ఎక్కడ ఆగుతుందో మీకు తెలుసు. గాలివానకు కరెంటు పోతే టవర్ ఎంతసేపు నిలుస్తుందో కూడా తెలుసు. ముసలమ్మ దగ్గర ఫోనే ఉండదు. ఢిల్లీ నుంచి వచ్చే కబురు ఊరి దాకా వస్తుంది. ఊరి నుంచి గుడిసె దాకా చేర్చే పని ఊరిదే.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రతి జిల్లాలో ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలంది. కలెక్టర్ అధ్యక్షుడు, జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ సహాధ్యక్షులు. ముందస్తు హెచ్చరికల ఏర్పాటు పెట్టడం, నడపడం, మెరుగుపరచడం ఆ జిల్లా సంస్థ బాధ్యత అని 30వ సెక్షన్‌లో ఉంది. స్థానిక సంస్థలు సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, సామగ్రి సిద్ధంగా ఉంచాలి అని 41వ సెక్షన్ చెబుతుంది. బాధ్యత రాసి ఉంది. డబ్బు ఎక్కడిదో రాసిన చోట మాత్రం గొంతు తగ్గిపోతుంది.

15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా రాష్ట్రాల విపత్తు నిధుల కోసం 1,60,153 కోట్లు లెక్కగట్టింది. అందులో ప్రతి 100 రూపాయలకూ 40 సహాయ చర్యలకు, 30 పునర్నిర్మాణానికి, 20 ప్రమాదం తగ్గించే పనులకు, 10 సన్నద్ధతకు. అంటే 70 రూపాయలు కూలిన తర్వాతి ఖర్చు. ఆ డబ్బు వద్దనడం లేదు, మునిగిన ఇంటికి అది కావాలి. కానీ మిగిలిన 30లో గోలేటి పంచాయతీ గడప దాకా వచ్చేది ఎంత అని మనం అడగాలి. అదే ఆర్థిక సంఘం పంచాయతీలకు నేరుగా ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకు ముడిపెట్టారు. మిగతా 40 శాతం ఊరి అవసరానికి వాడుకోవచ్చు కానీ జీతాలకు వాడకూడదన్నారు. సైరన్ కొనవచ్చు, సైరన్ మోగించే మనిషికి ఇవ్వడానికి లేదు. ఇక సర్పంచుల పదవీకాలం 2024 జనవరి 31తో ముగిసి, ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతికి పోయిన కాలంలో ఊరి తరఫున అడిగే గొంతే లేకపోయింది. మందమర్రిలోనైతే, ఏజెన్సీ ప్రాంత వివాదం వల్ల, పురపాలక సంఘానికి దశాబ్దాలుగా ఎన్నికలే లేవు.

మరి డబ్బు లేదా? ఉంది. మన కాళ్ల కిందే ఉంది. 2015లో గనులు, ఖనిజాల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి ట్రస్టు పెట్టారు, డీఎంఎఫ్‌టీ. బొగ్గు మీద రాయల్టీ ధరలో 14 శాతం. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజుల మీద ఆ రాయల్టీలో 30 శాతం ఈ ట్రస్టుకు కట్టాలి. ఇక్కడి గనులు నడిపే సింగరేణి కంపెనీ లీజుల్లో ఎక్కువ భాగం అంతకు ముందువే. వెయ్యి రూపాయల బొగ్గుకు 140 రాయల్టీ, దాని మీద 42 రూపాయలు ట్రస్టుకు. ఈ 42 రూపాయలు దానం కాదు. గని వల్ల నష్టపోయిన ఊళ్లకు చట్టం రాసి ఇచ్చిన వాటా. దీన్ని తాగునీరు, వైద్యం, విద్య, పర్యావరణం, పారిశుధ్యం వంటి వాటికి ముందుగా ఖర్చుపెట్టాలని మార్గదర్శకాలున్నాయి. అన్నీ కావలసినవే. ఆ జాబితాలో హెచ్చరిక అన్న మాట విడిగా లేదు. లేకపోయినా వైద్యం కింద, పర్యావరణం కింద, మౌలిక వసతుల కింద అడగడానికి వీలుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ ఆమోదం కావాలన్న నియమం కూడా ఉంది. అడగవలసిన చోటు గ్రామసభే.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది. ఇంత పెద్ద కంపెనీ పక్కన పెట్టుకుని పంచాయతీ ఎందుకు పెట్టాలి, సింగరేణే పెట్టాలి అంటారు. నేను ఒప్పుకోను. కంపెనీ డబ్బు ఇవ్వాలి, తప్పకుండా ఇవ్వాలి. కానీ సైరన్ కంపెనీది కాకూడదు. బెల్లంపల్లిని చూడండి. 1927లో బొగ్గు తవ్వకం మొదలైన ఊరది. ఆ పట్టణాన్ని ఆనుకుని ఉన్న గనులు మూతపడ్డాయి. ఏరియా పేరు ఇంకా బెల్లంపల్లి ఏరియానే, జీఎం ఆఫీసు మాత్రం గోలేటిలో ఉంది. బొగ్గు అయిపోయిన చోటి నుంచి కంపెనీ కదిలిపోతుంది. అది దాని స్వభావం, తప్పుపట్టలేం. గని మూతపడిన నాడు గని సైరన్ కూడా పోతుంది. ఊరు పోదు, వాగు పోదు. కంపెనీ తవ్వి ఎత్తిపోసిన మట్టి గుట్టల మీద నుంచి వాన నీళ్లు ఎటు పారతాయన్న ప్రశ్న కూడా పోదు.

డబ్బు ఇచ్చేవాడు దూరంగా ఉంటే ఏమవుతుందో జర్మనీ చూపించింది. అక్కడ ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఊరూరా సైరన్లు ఉండేవి, ఖర్చు కేంద్ర ప్రభుత్వానిది. యుద్ధ భయం పోయాక 1990లలో కేంద్రం చేతులెత్తేసింది. చాలా ఊళ్లు సొంత డబ్బు పెట్టలేక వాటిని దింపేశాయి. 2021 జూలైలో ఆర్ నది లోయలో రాత్రిపూట వరద వచ్చి 130 మందికి పైగా చనిపోయాక, మళ్లీ కోట్ల యూరోలు పెట్టి సైరన్లు ఎక్కించడం మొదలుపెట్టారు.

అమెరికాలో టెక్సస్ కథ ఇంకా దగ్గరగా తాకుతుంది. మన పిల్లలు వేలమంది ఆ రాష్ట్రంలో ఉన్నారు. కెర్ కౌంటీ అనే చోట, గ్వాడలూప్ నది ఒడ్డున, సైరన్లు పెట్టాలని కౌంటీ పాలకులు 2016 నుంచే మాట్లాడుకున్నారు. ఖర్చు 10 లక్షల డాలర్ల దాకా అవుతుందన్నారు. 2017లో గ్రాంటుకు దరఖాస్తు పెట్టారు, రాలేదు. సొంత డబ్బు పెట్టడానికి మనసొప్పలేదు. 2025 జూలై 4 తెల్లవారుజామున నది గంటలోనే అడుగుల కొద్దీ లేచింది. ఆ ప్రాంతంలో 130 మందికి పైగా చనిపోయారు. వేసవి శిబిరంలో నిద్రపోతున్న ఆడపిల్లలు, వాళ్లను చూసుకునే వాళ్లు కలిపి 27 మంది. దిగువన కంఫర్ట్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి వలంటీర్ ఫైర్ స్టేషన్ వాళ్లు అంతకు ముందు ఏడాదే పాత సైరన్‌ను బాగుచేయించుకున్నారు. ఆ ఉదయం మోగించారు. ఆ ఊళ్లో ఎవరూ చనిపోలేదు. దిగువన ఉంది కాబట్టి ఆ ఊరికి ఎక్కువ సమయం దొరికిన మాట నిజమే. అయినా సమయం దొరికినప్పుడు వాడుకునే సాధనం వాళ్ల దగ్గర ఉంది.

సాధనం ఉండీ మోగని సందర్భాలు కూడా మనకు తెలుసు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురం మీద కమ్మింది. 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీలో సైరన్ నొక్కడానికి ఏర్పాట్లున్నాయి, ఎవరూ నొక్కలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే తేల్చింది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫోటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ డ్యాం నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఆ తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అడిగింది ఒక్కటే, మా పిల్లలకు ముందు ఎందుకు చెప్పలేదని.

కాబట్టి సైరన్ కొంటే పని అయిపోదు. నడిపే మనిషి కావాలి, నడిపిన అలవాటు కావాలి. అలవాటు సంగతిలో ఈ బొగ్గు పట్టీ ప్రపంచానికే పాఠం చెప్పగలదు. షిఫ్టు సైరన్ రోజుకు మూడుసార్లు మోగిన రోజుల్లో ఊరంతా దాని మీదే బతికింది. గడియారం లేని ఇల్లాలు సైరన్ వినే పొయ్యి మీద ఎసరు పెట్టేది. వేళకాని వేళ మోగితే ఎక్కడివాళ్లక్కడ పనులు వదిలి బాయి మీదికి ఉరికేవాళ్లు. రోజూ మోగేది కాబట్టి అది చెడిపోతే ఆ పూటే అందరికీ తెలిసేది. ఎక్కడో గోదాములో పడి ఉన్న సైరన్ చెడిపోతే ప్రమాదం నాడే తెలుస్తుంది. జపాన్‌లో ఈ కిటుకును స్థానిక సంస్థలే పాటిస్తాయి. ఊరూరా స్తంభాల మీద మునిసిపాలిటీ మైకులుంటాయి. చాలాచోట్ల రోజూ సాయంత్రం పిల్లలు ఇళ్లకు చేరే వేళకు ఒక చిన్న పాట వినిపిస్తారు. పిల్లలకు అది ఆట ముగిసిందన్న పిలుపు, ఉద్యోగికి మైకు పనిచేస్తోందన్న నిదర్శనం. సునామీ వచ్చిన నాడు అదే మైకులో అదే గొంతు పారిపొమ్మని చెబుతుంది.

మన పంచాయతీలకు పద్దు పెట్టి పనిచేయించడం కొత్త కాదు. 2018 పంచాయతీరాజ్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే సర్పంచు, కార్యదర్శి పదవికే ఎసరు. ఫలితం? ఊరూరా నర్సరీ వచ్చింది. మొక్కలకు 10 శాతం ఇచ్చిన చట్టం మనుషులను మేల్కొలపడానికి ఒక్క శాతం ఇవ్వగలదు. ట్రాక్టర్ అనుభవం కూడా గుర్తుపెట్టుకోవాలి. రాష్ట్రంలో అప్పుడున్న 12,769 పంచాయతీల్లో దాదాపు ప్రతి దానికీ ట్రాక్టర్ వచ్చింది. వాయిదాలు, డీజిల్, డ్రైవర్ జీతం పంచాయతీ నెత్తిన పడ్డాయి. ఎన్ని ఊళ్లలో డీజిల్‌కు డబ్బుల్లేక కార్యదర్శులు జేబులోంచి పెట్టుకున్నారో మీరే చూశారు. సైరన్‌కు ఆ గతి పట్టకూడదు. కొనుగోలు ఎవరైనా చేయనీయండి, ఏటా నడిపే ఖర్చు పేరుపెట్టి పంచాయతీ బడ్జెట్‌లో ఉండాలి. ఆ పద్దులోకి డీఎంఎఫ్‌టీ నుంచి, కంపెనీ సామాజిక బాధ్యత నిధుల నుంచి ఏటా వాటా జమ కావాలి. ఖర్చు చేసే సంతకం మాత్రం ఊరిదే కావాలి.

నా వరకు మొదటి రూపాయి మనిషికి ఇస్తాను, సైరన్‌కు కాదు. వానాకాలం నాలుగు నెలలు రాత్రిపూట వాగు, చెరువు చూసే ఒక మనిషి. పత్తి ఏరే నెలల్లో అతనే అడవి శాఖ కబురు తీసుకుని పొద్దున్నే ఊరంతా తిరగాలి. కులం చూసి కాదు, పని చూసి నియమించాలి. గౌరవంగా జీతం ఇవ్వాలి, టార్చి, రెయిన్ కోటు, బీమా ఇవ్వాలి. రెండో రూపాయి వాగు వంతెన దగ్గర రంగులు వేసిన కొలబద్దకు. ఏ గీతకు నీళ్లొస్తే లోతట్టు ఇళ్లు ఖాళీ చేయాలో ఊళ్లోని ముసలివాళ్లను, ఇరిగేషన్ ఇంజనీరును ఒకచోట కూర్చోబెట్టి తేల్చాలి. భద్రాచలానికి 43 ఉన్నట్టు మన వాగుకు మన అంకె ఉండాలి. మూడో రూపాయి సైరన్‌కు. దాన్ని రోజుకొకసారి, ఊరంతా ఒప్పుకున్న వేళకు, మోగించాలి. ప్రమాదం వేళ మోత వేరుగా ఉండాలి. బడిలో పిల్లలకు ఆ తేడా నేర్పాలి. ఈ మూడింటికీ ఎవరి అనుమతి కోసమూ హైదరాబాద్ పోనక్కర్లేదు. మండలంలో వాన లెక్క గంట గంటకూ ఆ కాపలా మనిషి ఫోనుకు వచ్చేటట్టు చేయడానికి మాత్రం కలెక్టర్ గారి మాట కావాలి, అది అడుగుదాం.

చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. వచ్చే గ్రామసభకు కార్మిక సంఘాల వాళ్లు, మహిళా సంఘాల వాళ్లు కలిసి రావాలని కోరుతున్నాను. తీర్మానంలో పద్దు పేరు, మొత్తం, మనిషి పని వేళలు, జీతం తేదీ స్పష్టంగా రాయించండి. తీర్మానం ప్రతిని జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకూ డీఎంఎఫ్‌టీకీ గోలేటి జీఎం ఆఫీసుకూ ఒకే రోజు పంపి, అందినట్టు రసీదు తీసుకోండి. డబ్బు వచ్చేదాకా ఆగకుండా ముందు చేతితో తిప్పే సైరన్ ఒకటి కొని పంచాయతీ ఆఫీసు మీద బిగించవచ్చు. దానికి కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. తిప్పడం వచ్చిన వాళ్లు ఊళ్లో కనీసం పది మంది ఉండాలి, వాళ్లలో సగం మంది ఆడవాళ్లయి ఉండాలి. ఎందుకంటే నైట్ షిఫ్టు వేళ ఊళ్లో ఉండేది వాళ్లే.